కుండలీకరణాలు లేని రోజుల్లో సూక్ష్మీకరణ

ఆదోని మార్కెట్ యార్డుకు ఒక రైతు 25 సంచుల పత్తి తెచ్చాడనుకోండి. ఒక్కో సంచి తూకం 'యా' కిలోలు, ఖాళీ సంచి బరువు 'కా' కిలోలు. (ఈ అక్షరాలే ఎందుకో కాసేపట్లో తెలుస్తుంది.) అసలు పత్తి బరువు 25(యా − కా), అంటే 25యా − 25కా. కుండలీకరణాన్ని మరచి 25యా − కా అని రాస్తే ఒక్క సంచి బరువే తగ్గుతుంది. మిగిలిన 24 సంచుల గోనెకు కూడా కొన్నవాడు పత్తి ధర కట్టాలి. పరీక్షలో ఈ తప్పుకు పోయేది ఒకటి రెండు మార్కులు. యార్డులో పోయేది డబ్బు.

ఈ గుర్తు మరీ పాతదేమీ కాదు. 16వ శతాబ్దంలో ఇటలీ అచ్చు పుస్తకాల్లో కనిపించినా, 18వ శతాబ్దానికి గాని అంతటా వాడుకలోకి రాలేదు. ఘాతాంకాన్ని అక్షరం పక్కన పైకి చిన్న అంకెగా వేసే పద్ధతిని 1637లో డెకార్ట్ స్థిరపరిచాడు. ఆయన కూడా వర్గానికి తరచుగా అక్షరాన్నే రెండుసార్లు రాసేవాడు!

మరి 1150 ప్రాంతంలో 'బీజగణితం' రాసిన భాస్కరాచార్యుడు ఏం చేశాడు? మొదటి అవ్యక్తరాశిని 'యావత్తావత్' అన్నాడు. దాని పొడి అక్షరం 'యా'. తరువాతి రాశులకు రంగుల పేర్లు పెట్టాడు: కాలకం (నలుపు), నీలకం, పీతకం. వర్గానికి 'వ', ఘనానికి 'ఘ', స్థిరరాశికి 'రూ'. మనం 5యా² + 8యా + 7 అని రాసేది ఆ పద్ధతిలో 'యా వ 5 యా 8 రూ 7' అవుతుంది.

1938లో మాచాని సోమప్ప చేనేత సహకార సంఘాన్ని స్థాపించిన ఎమ్మిగనూరులో ఈ రంగుల లెక్కను ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. 3 నల్లనూలు కండెలకు 5 నల్లవి చేరిస్తే 8 నల్ల కండెలు. 3 నల్లవి, 5 నీలివి చేరిస్తే అవి 8 నల్లవీ కావు, 8 నీలివీ కావు. సజాతి రాశులనే కలపాలి, విజాతి రాశులను విడిగా ఉంచాలి అన్న భాస్కరుని నియమం ఇదే. యా, యా² కూడా విజాతులే. మీలో చాలామంది తడబడేది ఇక్కడే.

గుణకారానికి ఆయన చెప్పిన పద్ధతి ఇంకా ముఖ్యమైనది. గుణకంలో ఎన్ని పదాలున్నాయో అన్నిసార్లు గుణ్యాన్ని విడివిడిగా రాసి, ఒక్కో పదంతో గుణించి, ఫలితాలను కలపమన్నాడు. గుర్తు లేకుండానే కుండలీకరణం పని జరిగిపోయింది. (యా + కా)²ను అలా విప్పితే యా² + యాకా + కాయా + కా² వస్తుంది. మధ్యనున్న రెండు పదాలే 2యాకా. సూత్రాన్ని వల్లె వేయడం కన్నా ఒకసారి ఇలా విప్పి చూడటం మేలు.

ఇప్పుడు 3(యా + 2)² − 3యా²ను సూక్ష్మీకరించండి. ముందు ఘాతం, తరువాతే 3తో గుణకారం:

3(యా² + 4యా + 4) − 3యా² = 12యా + 12

యా = 1 తీసుకొని సరిచూడండి. ఇచ్చిన సమాసం 27 − 3 = 24; జవాబు 12 + 12 = 24. తొందరపడి 3ను ముందే లోపలికి పంపి (3యా + 6)² అని రాసినవారికి 81 − 3 = 78 వస్తుంది.