లూయిస్ చూచిన తల్లి ఈగ

రంపపు ఈగ పేరుకే ఈగ. దాని చుట్టరికమంతా తేనెటీగలతోను, కందిరీగలతోను, చీమలతోను. ఆడదాని కడుపు చివర సన్నని పళ్ళు గల అంగమొకటి ఉంటుంది. దానితో ఆకును కోసి ఆ చీలికలో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగులు చూపునకు అచ్చంగా సీతాకోకచిలుక గొంగళులే. అయితే గొంగళి తలకు ఒక్కొక్క ప్రక్కన సాధారణంగా ఆరు చిరుకళ్ళు ఉండగా, వీటికి ఒక్కటే.

1836లో లండను కీటకశాస్త్ర సంఘంవారి పత్రికలో ఆర్. హెచ్. లూయిస్ అనే ఆయన వ్యాసమొకటి వెలువడింది. ఆయన ఈ ఈగను చూచినది టాస్మేనియాలోని హోబార్టులో. ఆ ద్వీపానికి అప్పటి అధికారిక నామం వాన్ డీమెన్స్ లాండ్. చెట్టు యూకలిప్టస్, మనవారు జామాయిలు తోటలుగా పెంచేది ఆ కుటుంబపు చెట్టునే. ఆకు నడిమి ఈనెను ఆనుకొని తల్లి గుడ్లు పెట్టింది. పెట్టి పోలేదు! పొదిగేవరకు ఆ ఆకు మీదనే కూర్చున్నది. పిల్లలు బయటపడిన తరువాత కాళ్ళు చాచి వాటిపై గొడుగువలె నిలిచి, ఎండనుండి, పరాన్నజీవులనుండి కాపాడిందని లూయిస్ వ్రాశాడు.

ఆ ఏడే వెస్ట్‌వుడ్ పండితుడు దానికి పెర్గా లూయిసై అని పేరు పెట్టాడు. పేరెందుకు ముఖ్యమంటారా? దాని దగ్గరి చుట్టమైన పెర్గా డార్సాలిస్ తల్లి గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. దాని పిల్లలు పగలంతా గుంపుగా ముద్దకట్టి ఉండి, శత్రువు వస్తే యూకలిప్టస్ తైలపు జిగురు కక్కి ఆత్మరక్షణ చేసుకుంటాయి. జాతిని పొరబడితే తల్లి నడతను కూడా పొరబడినట్లే.

ఫాబర్ అంతటి పరిశీలకునికే ఈ చిక్కు తప్పలేదు. బిర్చ్ చెట్టు మీది బూడిదరంగు కవచపు నల్లి తన పిల్లలను కోడిపెట్టవలె కాచుకుంటుందని స్వీడన్‌కు చెందిన డి గీర్ పద్ధెనిమిదవ శతాబ్దిలోనే వ్రాశాడు. ఫాబర్ తన ఊరి నల్లులను చూచి, అది కట్టుకథ అని కొట్టివేశాడు. తరువాతి పరిశీలనలు డి గీర్ మాటనే నిలిపాయి. ఫాబర్ శైలికి నేనెంతో అభిమానిని. ఈ ఒక్కచోట మాత్రం నా ఓటు డి గీర్‌కే.

లూయిస్ ఈగకు అటువంటి తగవు రాలేదు. ప్రజాతి విషయంలో మాత్రం మార్పు జరిగి, అది సూడోపెర్గా అయింది. రెండవ మాట లూయిసైగానే ఉన్నది.