మింటన్స్ పియానో మీద ఒక కార్డ్

నా దగ్గర పియానో నేర్చుకునేవాళ్లకు మైనర్ సెవెంత్ కార్డ్ చేతికి వచ్చాక, అందులో ఐదో స్వరాన్ని అరస్వరం దించమంటాను. సి, ఈ ఫ్లాట్, జి, బి ఫ్లాట్‌లలో జి కాస్తా జి ఫ్లాట్ అవుతుంది. అదే మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవ్ కార్డ్. మన లెక్కలో షడ్జం, సాధారణ గాంధారం, కైశికి నిషాదం ఉన్నచోటే ఉంటాయి. పంచమం పోయి ప్రతి మధ్యమం వస్తుంది. నాలుగూ షణ్ముఖప్రియ స్వరాలే, మన చెవికి కొత్తవేం కావు.

జాజ్ పియానో వాద్యకారుడు థెలోనియస్ మాంక్ మాత్రం దీన్ని ఇలా చూడలేదు. న్యూయార్క్ హార్లెంలో, 118వ వీధిలో మింటన్స్ ప్లేహౌస్ ఉండేది. సాక్సఫోన్ వాయించే హెన్రీ మింటన్ 1938లో తెరిచాడు. 1940ల తొలినాళ్లలో అక్కడి పియానో మాంక్‌ది. వేరేచోట్ల కచేరీలు ముగించుకున్న వాద్యకారులు రాత్రి పొద్దుపోయాక అక్కడ చేరేవాళ్లు. ట్రంపెట్ విద్వాంసుడు డిజ్జీ గిల్లెస్పీ 1979లో వచ్చిన తన ఆత్మకథలో ఈ కార్డ్ తనకు చూపించింది మాంకేనని చెప్పాడు. మాంక్ దృష్టిలో అది ఆరో స్వరాన్ని అడుగున పెట్టిన మైనర్ సిక్స్త్.

మీరే వాయించి చూడండి. కుడిచేత్తో డి, ఎఫ్, ఎ పట్టండి. మామూలు డి మైనర్. దాని ఆరో స్వరం బి. ఆ బి ఎడమచేత్తో కింద మోగించండి. బి, డి, ఎఫ్, ఎ: అన్నీ తెల్లమెట్లే, ఒక్క నల్లమెట్టూ అక్కర్లేదు. తర్వాత బి, డి అలాగే ఉంచి, ఎఫ్‌ను ఈకి, ఎను జి షార్ప్‌కు దించండి. ఈ సెవెంత్ వచ్చేసింది. అక్కణ్ణుంచి ఎ మైనర్‌కు చేరడం ఎంత హాయి!

ఈ స్వరాల కలయిక మాంక్ పుట్టించింది కాదు. 1865 జూన్ 10న మ్యూనిక్‌లో తొలిసారి ప్రదర్శించిన వాగ్నర్ ఒపెరా ‘ట్రిస్టాన్ ఉండ్ ఇసోల్డె’ మొదట్లోనే వినిపిస్తుంది. అక్కడ ఎఫ్, బి, డి షార్ప్, జి షార్ప్ అని రాశాడు. పియానో మీద మాత్రం అది ఎఫ్ మైనర్ సెవెన్ ఫ్లాట్ ఫైవే. వాగ్నర్ దాన్ని తీరని తపనలా గాలిలో వేలాడదీశాడు. గిల్లెస్పీ నడిపించాడు. కోల్మన్ హాకిన్స్ బృందం 1944 ఫిబ్రవరిలో రికార్డు చేసిన అతని ‘వుడీన్ యూ’లో ఈ కార్డ్ జి మీద, తర్వాత ఎఫ్ మీద, ఆపైన ఈ ఫ్లాట్ మీద మెట్టుమెట్టుగా దిగి, చివరకు డి ఫ్లాట్ మేజర్‌లో కుదురుకుంటుంది.

ఐదో స్వరం దించే పద్ధతి కాగితం మీద లెక్కకు పనికొస్తుంది. చేతికి మాత్రం మాంక్ దారే మేలు. నేర్పేవాళ్లు ముందు అదే చూపించండి, ఎవరి దగ్గర నుంచి వచ్చిందో కూడా చెప్పండి.