ఇరుసు ఎంత ఎత్తు?

ఆడవాళ్ళకి జీపు గొడవేమిటి అని పేజీ తిప్పేయకండి. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో, చంటివాణ్ణి ఒక చేత్తో పట్టుకుని ఆ జీపు ఎక్కాల్సింది మనమే. మోకాలు నొప్పి అత్తగారిని కిందనుంచి ఎత్తి కూర్చోబెట్టాల్సిందీ మనమే. కాబట్టి ఆ బండి నేలకి ఎంత ఎత్తున ఉండాలన్నది మనతో సంబంధంలేని సంగతేమీ కాదు.

ఇప్పుడు విశాఖపట్నంలో కుర్రాళ్ళకి ఇదో సరదా. కొత్త థార్ కొంటారు, లేదా పాత జిప్సీ సంపాదిస్తారు. లంబసింగి చలికీ, వంజంగి మేఘాలకీ బయల్దేరే ముందు ‘బండి ఎత్తు పెంచాలి’ అంటారు. పెంచడం సరే, ఏ ఎత్తు? అసలు తిరకాసు అక్కడే ఉంది.

మన రెండెడ్ల బండిని ఒకసారి తలుచుకోండి. చక్రాలు మనిషి రొమ్ముదాకా వచ్చేవి. అది దర్జా కోసం కాదు. వాగులో, రేగడి బురదలో ఇరుసు నేలకి తగిలిందంటే ఎడ్లు ఎంత లాగినా బండి కదలదు. ఇరుసు ఉండేది చక్రం నడిమధ్యన. చక్రం ఎంత పొడుగైతే ఇరుసు అందులో సగం ఎత్తున ఉంటుంది. పైన గూడు ఎంత ఎత్తు కట్టినా ఇరుసు వెంట్రుకవాసి పైకి లేవదు. బడి మొహం చూడని వడ్రంగికి కూడా ఈ లెక్క తెలుసు.

ఇక జీపు సంగతి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యం కోసం 1941 నుంచి విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. జపాన్ వాళ్ళు 1942 ఏప్రిల్ 6న మన విశాఖ మీద బాంబులు వేసిన రోజులవి. నాలుగు చక్రాలకూ ఇంజను బలం అందాలి గనక ముందూ వెనకా కూడా ఇరుసు మధ్య పళ్ళచక్రాలున్న ఇనుప గుండు ఒకటి ఉంటుంది. బండి కింద అన్నిటికన్నా దిగువకి వేలాడేవి ఇలాంటివే. ఆ జీపుకి నేలకీ మధ్య ఖాళీ 8¾ అంగుళాలు, అంటే 222 మిల్లీమీటర్లు. 2020లో వచ్చిన మహీంద్రా థార్‌కి 226. దాదాపు 80 ఏళ్ళలో పెరిగింది 4 మిల్లీమీటర్లు! ఇంజనీర్లకి చేతకాక కాదు. అంతకు మించితే ఇంకోచోట మూల్యం చెల్లించాలని తెలిసి.

1945లో స్థాపించిన మహీంద్రా కంపెనీ, స్వాతంత్ర్యం వచ్చిన కాలంలోనే బొంబాయిలో విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టింది. తర్వాత మన ఊళ్ళకి ప్రభుత్వం అంటే జీపే అయింది. బి.డి.ఓ. గారి జీపు, కుటుంబ నియంత్రణ జీపు, ఎన్నికల జీపు! ఏజెన్సీలో సంత రోజున సర్వీసు జీపుల్లో లోపల ఎంతమందో, వెనక వేలాడుతూ అంతమంది.

ఆ కొండల్లో రోడ్డన్నదే సుఖంగా రాలేదు. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ రోడ్డు పనులకి గిరిజనుల చేత వెట్టి చేయించాడు. ఆ కడుపుమంట కూడా 1922లో అల్లూరి సీతారామరాజు పితూరీకి నిప్పు రాజేసింది.

సరే, ఎత్తు పెంచే పద్ధతులు చూద్దాం. మొదటిది, ఛాసిస్‌కీ పైబాడీకీ మధ్య దిమ్మలు పెట్టడం. ఖర్చు తక్కువ, చూపు ఎక్కువ. కింద ఛాసిస్ గానీ ఇరుసు గానీ పైకి రావు. మడమలెత్తు చెప్పులేసుకున్నట్టన్నమాట.

రెండోది, కమాన్ కట్టలు వేలాడే షాకిళ్ళని పొడుగు చేయడం. 2 అంగుళాలు పొడిగిస్తే దక్కేది 1 అంగుళమే. పైగా ముందువైపు చేస్తే చక్రాల వాలు మారి స్టీరింగు తిన్నగా నిలవదు.

మూడోది పాత జీపులకీ జిప్సీలకీ చేసేది. ఇరుసు కిందుగా పోయే కమాన్ కట్టల్ని ఇరుసు మీదికి మార్చడం. ఒక్క దెబ్బకి నాలుగైదు అంగుళాలు లేస్తుంది. ఛాసిస్ పైకి వస్తుంది గనక పెద్ద రాళ్ళమీద పొట్ట తగలదు. కానీ కొత్తగా వెల్డింగు చేయాలి, బ్రేకు గొట్టాలు పొడిగించాలి, స్టీరింగు రాడ్లు సరిచేయాలి. థార్‌లో కమాన్ కట్టలకి బదులు చుట్టల స్ప్రింగులుంటాయి. వాటికి ఎత్తయిన స్ప్రింగులు వేస్తారు.

ఇంతా చేసినా వెనక ఇరుసు గుండు ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది పెద్ద టైరొక్కటే. టైరు 2 అంగుళాలు పెరిగితే ఇరుసు 1 అంగుళం లేస్తుంది. మన వడ్రంగి లెక్కే! మిగతా పద్ధతులన్నీ ఆ పెద్ద టైరుకి చోటివ్వడానికే ఎక్కువ పనికొస్తాయి. అయితే పెద్ద టైరుతో బ్రేకులకి భారం పెరుగుతుంది. మీటరు చూపించేదానికన్నా బండి వేగంగా పోతుంది. బరువు పైకెక్కిన బండి అనంతగిరి ఘాట్ మలుపుల్లో ఒరిగే ప్రమాదమూ ఎక్కువే.

చట్టం కూడా ఊరుకోదు. 1988 మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ ఉంది. కంపెనీ ఇచ్చిన అసలు రూపాన్ని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ప్రమాదం జరిగితే బీమా దగ్గర ఏ పేచీ వస్తుందో అది వేరే తలనొప్పి.

నిజంగా ఆ ఎత్తు కావాల్సినవాళ్ళు లేకపోలేదు. దారిలేని కొండగూడేల నుంచి నెలలు నిండిన తల్లుల్ని ఇవాళ్టికీ డోలీ కట్టి రోడ్డుదాకా మోసుకొస్తున్నారు. అక్కడ ఒక్క అంగుళం కూడా ప్రాణంతో సమానం. తారురోడ్డు మీద మేఘాలు చూసొచ్చే బండికి, మంచి టైర్లూ నిదానమూ చాలు.

అందుకని మీవాడు ‘అమ్మా, బండి ఎత్తు పెంచుతాను’ అన్నాడనుకోండి, కాదనకండి. ‘ఇరుసా, గూడా?’ అని ఒక్కమాట అడగండి. జవాబు చెప్పగలిగితే వాడికి బండి సంగతి తెలిసినట్టే. నీళ్ళు నమిలితే మాత్రం, ఆ డబ్బుతో ముందు అత్తగారు ఎక్కడానికో మెట్టు పెట్టించమనండి.