కట్టుడు పళ్ళు, కుందేలు కాలు, నోటి తడి

మన సంఘ సమావేశాల్లో టిఫిను వేళ గమనిస్తే, గారె పక్కన పెట్టి చట్నీ మాత్రం పుచ్చుకునే మిత్రులు అయిదారుగురైనా కనిపిస్తారు. అందులో నేనూ ఒకణ్ణి. నోట పళ్ళు లేవు, ఒంట్లో షుగరు ఉంది. కాబట్టి ఈ కట్టుడు పళ్ళ చరిత్ర కొంత చదివాను.

1789లో అమెరికా తొలి అధ్యక్షుడుగా ప్రమాణం చేసేనాటికి జార్జి వాషింగ్టన్‌కు మిగిలినది ఒక్క పన్ను. ఆయనవి కొయ్య పళ్ళని ప్రచారం గాని, నిజానికి అవి నీటిగుర్రం దంతం, మనుషుల పళ్ళు, సీసం కలిపి చేసినవి. ఆయన ఎస్టేటు లెక్కల పుస్తకంలో 1784లో బానిసలకు 9 పళ్ళ నిమిత్తం సొమ్ము చెల్లించినట్లు పద్దు ఉంది. జీవితమంతా పద్దులు రాసిన నాకు ఆ ఒక్క పంక్తి చదివాక చాలాసేపు మరేదీ చదవబుద్ధి కాలేదు.

తరువాత గట్టి రబ్బరు సెట్లు, 1930ల చివర నుంచి అక్రిలిక్ సెట్లు వచ్చాయి. సెట్టు ఏదైనా చిగురును పట్టుకుని నిలిచేది లాలాజలపు పలుచని పొర వల్లనే. షుగరు ఉన్న చాలామందికి నోరు ఎండుతుంది. అప్పుడు సెట్టు జారుతుంది, చిగురు ఒరుసుకుపోతుంది. కింది దవడ సెట్టు మరీ బాధ.

దీనికి విరుగుడు అనుకోకుండా దొరికింది. 1952లో స్వీడన్‌లోని లుండ్‌లో బ్రోనెమార్క్ అనే వైద్యుడు ఎముకలో రక్తప్రసారం చూడటానికి కుందేలు కాలి ఎముకలో టైటానియం గొట్టం అమర్చాడు. ఖరీదైన వస్తువు గదా, తీసి మళ్ళీ వాడుకుందామని చూస్తే ఊడి రాలేదు. ఎముక దాన్ని తనలో కలుపుకుంది! 1965లో యోస్టా లార్సన్ అనే అతని కింది దవడలో టైటానియం మరలు బిగించి, వాటిపై పళ్ళు నిలిపాడు. తోటి వైద్యులు చాలాకాలం నమ్మలేదు. 1982లో టొరంటో సదస్సు తరువాతగాని ప్రపంచం ఒప్పుకోలేదు.

ఇక మన సంగతి. రక్తంలో చక్కెర ఎక్కువైతే కొత్త ఎముక సరిగా పట్టదు, గాయం త్వరగా మానదు. అందుకే ఒకప్పుడు షుగరు రోగులకు మరలు వద్దనేవారు. షుగరు అదుపులో ఉంటే ఫరవాలేదని నేటి అభిప్రాయం. మొత్తం పళ్ళు కట్టనక్కరలేదు కూడా. కింది దవడకు రెండు మరలు వేసి, వాటికి సెట్టును తగిలించడమే మొదట ఎంచుకోదగిన పద్ధతని 2002లో మాంట్రియల్‌లో కూడిన నిపుణులు తేల్చారు.

ఇప్పుడు ఉమ్మి పరీక్ష మాట వినిపిస్తున్నది. ఉమ్మిలో చక్కెర, వాపును తెలిపే పదార్థాలు, కొల్లాజెన్‌ను తెగగొట్టే ఎం.ఎం.పి.-8 అనే ఎంజైము కొలవవచ్చు. సూది పోటు లేదు. నాబోటివాడికి అదే పెద్ద ఆకర్షణ. కాని ఎం.ఎం.పి.-8 పరీక్ష ముఖ్యంగా పళ్ళున్నవారి చిగుళ్ళ జబ్బు కోసం పుట్టింది. పన్నే లేని నోట్లో ఆ అంకెకు అదే అర్థం చెప్పలేము. పైగా నోరెండినవాడి ఉమ్మి చిక్కన, అంకె మారిపోతుంది. కనుక మూడు నెలల షుగరు చెప్పే రక్తపరీక్ష, ఎముక కొలిచే స్కానింగు తప్పవు.

ఒకచోట నా రక్తం సంగతి అడగకుండానే అడ్వాన్సు అడిగారు. లేచి వచ్చేశాను. మరొక డాక్టరమ్మ నా హెచ్.బి.ఏ.1సి. 9 చూసి, "తగ్గించుకు రండి బాబాయిగారూ, ఎముక ఎక్కడికీ పోదు" అన్నది. మొన్నటి పరీక్షలో 7.6 వచ్చింది. పై నెలలో స్కానింగుకు రమ్మన్నది.