పోగు విప్పితే తెలిసే రహస్యం

ధర్మవరం పట్టుచీరలలో కొన్నిటిని ఒక వైపు నుండి చూస్తే ఒక రంగు, మరొక వైపు నుండి చూస్తే వేరొక రంగు కనిపిస్తుంది. పడుగుకు ఒక రంగు, పేకకు ఇంకొక రంగు వాడటమే అందలి కిటుకు. అయితే చీర అంగడికి చేరిన పిమ్మట పోగులు విప్పి చూడగల నేర్పరి ఎవడైనా ఆ పనితనాన్ని గ్రహించగలడు గదా! అప్పుడిక ఆ రహస్యం ఎవరి సొత్తు? హిందూపురం పట్టుగూళ్ళ సంత మొదలు ధర్మవరం మగ్గాల దాకా అందరూ ఎరిగిన ఈ ప్రశ్ననే అమెరికా న్యాయస్థానాలు గోరంత సిలికాన్ పలుకు విషయమై ఏళ్ళ తరబడి విచారించాయి.

ఆ పలుకు పేరు కాంతి సెన్సర్. 2019లో ఉత్పత్తి మొదలైన పెనుకొండ కియా కర్మాగారపు కార్లలో కొన్నిటికి చీకటి పడగానే దీపాలు వాటంతటవే వెలుగుతాయి. చేతిఫోను తెర ఎండలో ప్రకాశించి, చీకటిలో మసకబారుతుంది. ఇవన్నీ కాంతి సెన్సర్ల పనులే. చిక్కేమంటే, మన కంటికి కనబడని పరారుణ కిరణాలకు కూడా సిలికాన్ స్పందిస్తుంది. అందుచేత టెక్సాస్‌కు చెందిన టావోస్ సంస్థ కొన్ని ఫోటోడయోడ్లను తెరచి ఉంచి, కొన్నిటిని దృశ్యకాంతి సోకకుండా కప్పింది. రెండింటి లెక్కలను పోల్చితే కంటికి కనబడే వెలుగెంతో తేలుతుంది. పడుగులో రెండు రంగుల పోగులను ఒకటి విడిచి ఒకటి పేర్చినట్లు ఈ రెండు రకాలనూ ఒకదాని ప్రక్కన ఒకటి అమర్చడం ఆ సంస్థ దాచుకున్న రహస్యం.

2004లో ఇంటర్సిల్ అనే సంస్థతో విలీనపు చర్చలు జరిగినపుడు టావోస్ తన వివరాలను నమ్మకం మీద చూపింది. విలీనం జరుగలేదు, ఇంటర్సిల్ నుండి అదే అమరికతో సెన్సర్లు వెలువడ్డాయి. పేటెంటు ఉల్లంఘన, రహస్య చౌర్యం అంటూ టావోస్ 2008లో దావా వేసింది. 2015లో జ్యూరీ రహస్యచౌర్యపు లాభాల క్రిందనే సుమారు 4 కోట్ల 88 లక్షల డాలర్లు ఇప్పించింది.

2018లో అప్పీలు కోర్టు తప్పు జరిగిందన్న మాటను నిలిపి, సొమ్మును మాత్రం రద్దు చేసింది. కారణం ఆలోచింపదగినది. టావోస్ సెన్సర్ 2005లోనే బజారుకు వచ్చింది. 2006 జనవరి నాటికి ఇంటర్సిల్ దానిని విప్పి చూసి అమరికను తెలుసుకొన్నది. కొన్న వస్తువును విప్పి చూడటం నేరం కాదు. కాబట్టి నమ్మకద్రోహం వలన ముందుగా దక్కిన వ్యవధికి ఎంత లాభమో అంతే లెక్కకు రావాలి, ఆ లెక్క తేల్చవలసినది కూడా జ్యూరీ కాదు, న్యాయమూర్తి. వివాదం ఆ తరువాత మరల అదే కోర్టు మెట్లెక్కింది.

మన మగ్గానికి ఇందులో పాఠం లేకపోలేదు. భౌగోళిక గుర్తింపు ధర్మవరం పేరును కాపాడుతుంది గానీ, ఒక నేతన్న కల్పించిన కొత్త అంచును కాదు. దానికి 2000 నాటి డిజైన్ల చట్టం ఉంది: పదేళ్ళు, ఆపైన మరో అయిదేళ్ళు రక్షణ. కానీ నమూనా లోకానికి వెల్లడి కాకముందే దరఖాస్తు చేసుకోవాలి. వ్యాపార రహస్యాలకు ప్రత్యేక చట్టం కావాలని మన లా కమిషన్ 2024లో సూచించింది. టావోస్‌కు న్యాయవాదులున్నారు, ఏళ్ళ తరబడి పోరాడే ఓపిక ఉంది. నమూనా చూపితేనే గాని అడ్వాన్సు పుట్టని నేతగాడు ఎవరిని నమ్మి చూపాలి?