కేడీ పేట నుంచి వనక్రై దాకా: తాళం మార్చేలోపు ఏం జరుగుతుంది?

మాది గొలుగొండ అంటే చాలామంది "అదెక్కడ?" అంటారు. నర్సీపట్నం దగ్గర అంటే కొందరికి అర్థమవుతుంది. అల్లూరి సీతారామరాజు సమాధి ఉన్న కృష్ణదేవిపేట మా మండలమే అంటే మాత్రం అందరూ గుర్తుపట్టేస్తారు. మేం కేడీ పేట అంటాం. ఈరోజు ఎపిసోడ్ ఆపరేటింగ్ సిస్టమ్ కెర్నల్‌లో సెక్యూరిటీ లోపాల గురించి. కానీ మొదలుపెట్టేది కేడీ పేట పోలీస్ స్టేషన్ నుంచి.

1922 ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద దాడి చేసి తుపాకులు పట్టుకెళ్ళింది. మర్నాడు 23న కృష్ణదేవిపేట. ఆ మర్నాడు 24న రాజవొమ్మంగి. మూడు రోజులు, మూడు స్టేషన్లు. మొత్తం 26 తుపాకులు, రెండున్నర వేల తూటాలు చేతికొచ్చాయి. సినిమాలో చూసి విజిల్స్ వేసిన సీన్లే ఇవి. నేను ఆలోచించేది మాత్రం రెండో రోజు గురించి. చింతపల్లిలో ఏం జరిగిందో 22వ తేదీకే తెలిసిపోయింది కదా, మరి 23న అదే దెబ్బ ఎలా తగిలింది? ఎందుకంటే మన్యంలో స్టేషన్లన్నీ ఒకే పద్ధతిలో ఉన్నాయి. కొద్దిమంది పోలీసులు, ఒక గదిలో తుపాకులు, చుట్టూ అడవి. ఒకచోట పనిచేసిన ఉపాయం అన్నిచోట్లా పనిచేస్తుంది, కబురందుకుని పద్ధతి మార్చుకునే దాకా. అక్టోబరు 15న ఇదే దళం అడ్డతీగల స్టేషన్‌కి వెళ్తే తుపాకులు దొరకలేదు. అప్పటికి అధికారులు ముందే జాగ్రత్తపడ్డారు. అంటే తాళం మారడానికి దాదాపు రెండు నెలలు పట్టింది.

ఒక్కమాట. అల్లూరిని హ్యాకర్లతో పోలుస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఆయన తెల్లవాళ్ళ రాజ్యం మీద తిరగబడ్డారు, ఇప్పుడు చెప్పబోయేవాళ్ళు డబ్బుకోసం ఆస్పత్రుల్ని కూడా వదల్లేదు. నేను పోల్చేది ఆ రెండు నెలల్ని.

95 ఏళ్ళు ముందుకొద్దాం. 2017 మే 13, శనివారం. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కొన్ని తెరుచుకోలేదు. స్క్రీన్ మీద ఎర్రటి బాక్స్. మీ ఫైళ్ళకి తాళం వేశాం, 300 డాలర్లు బిట్‌కాయిన్‌లో కట్టండి, మూడు రోజులు దాటితే 600 అని. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్నం, శ్రీకాకుళం జిల్లాల్లో 18 పోలీసు యూనిట్లకి ఇది తగిలిందని అప్పుడు వార్తలొచ్చాయి. అప్పటి డీజీపీ సాంబశివరావు గారు, విండోస్ వాడే కంప్యూటర్లకే సమస్య, కంగారుపడక్కర్లేదు అన్నారు. మా గొలుగొండ కూడా అప్పుడు విశాఖ జిల్లాలోనే ఉండేది, అనకాపల్లి జిల్లా 2022లో వచ్చింది.

దాని పేరు వనక్రై. ముందురోజు, శుక్రవారం, మొదలైంది. 150 దేశాల్లో రెండు లక్షలకి పైగా కంప్యూటర్లు. బ్రిటన్‌లో ఆస్పత్రులు ఆపరేషన్లు వాయిదా వేసుకున్నాయి. మామూలు వైరస్‌లా ఎవరో లింక్ నొక్కితే వచ్చేది కాదిది. మీరు టీ తాగడానికి వెళ్ళినా, పక్క కంప్యూటర్ నుంచి నెట్‌వర్క్‌లో నడుచుకుంటూ వచ్చేస్తుంది. ఎలా వచ్చింది? కెర్నల్ లోంచి.

కెర్నల్ అంటే ఏంటో రెండు ముక్కల్లో చెప్తాను. మీ ఫోన్‌లో ఏ యాప్ అయినా సొంతంగా కెమెరా తెరవలేదు, ఫైల్ చదవలేదు, మెమరీ తీసుకోలేదు. అన్నిటికీ కెర్నల్‌ని అడగాలి. యాప్‌లో దొంగ దూరితే ఒక గది పోతుంది. కెర్నల్‌లో దూరితే ఇంటి తాళాల గుత్తి మొత్తం వాడి చేతిలో ఉన్నట్టే.

విండోస్‌లో ఫైళ్ళు, ప్రింటర్లు నెట్‌వర్క్‌లో పంచుకోవడానికి ఎస్‌ఎంబీ అని ఒక పద్ధతి ఉంది. దాని పాత వెర్షన్‌ని నడిపే కోడ్ కెర్నల్ లోపలే ఉండేది. అందులో తప్పు ఏంటో చూడండి, నాకు చాలా ఇష్టమైన తప్పు ఇది. పద్దు పుస్తకంలో 10,025 అని ఉందనుకోండి. లెక్క మళ్ళీ చూస్తే 9,980 అని తేలింది. గుమస్తా దిద్దాలి. కానీ వాడు చివరి నాలుగంకెలే చెరిపి 9980 రాశాడు, ముందున్న 1 అలాగే వదిలేశాడు. ఇప్పుడు పుస్తకంలో ఎంతుంది? 19,980. తగ్గాల్సింది పెరిగింది. సరిగ్గా ఇదే. 32 బిట్ల సంఖ్యని సరిదిద్దేటప్పుడు కింది 16 బిట్లే రాశారు. చోటు చిన్న లెక్కకి కేటాయించారు, సరుకు పెద్ద లెక్కకి దించారు. మిగిలింది పక్క మెమరీ మీద పొర్లిపోయింది. ఆ పొర్లిన దాంట్లో దాడిచేసేవాడు తనక్కావలసిన కోడ్ పెట్టాడు. దిద్దడం చాలా చిన్న పని. 16 బిట్లు రాసే చోట 32 రాయాలి, అంతే.

ఆ తప్పుని ముందు కనిపెట్టింది అమెరికా గూఢచారి సంస్థ ఎన్‌ఎస్‌ఏ. ఎటర్నల్‌బ్లూ అని పేరుపెట్టి, ఎవరికీ చెప్పకుండా ఏళ్ళ తరబడి వాడుకుంది. షాడో బ్రోకర్స్ అనే ముఠా చేతికి ఆ సామాను పోయింది. మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది. ఏప్రిల్ 14న ఆ ముఠా ఆయుధాన్ని అందరికీ విడుదల చేసింది. మే 12న వనక్రై. మార్చి 14 నుంచి మే 12 దాకా లెక్కేయండి, దాదాపు రెండు నెలలు. చింతపల్లికీ అడ్డతీగలకీ మధ్య ఉన్నంత టైమే. ఒక్కటే తేడా. 1922లో దాడి ముందు జరిగింది, జాగ్రత్త తర్వాత వచ్చింది. 2017లో జాగ్రత్త ముందే వచ్చింది. అయినా రెండు లక్షల కంప్యూటర్లు పోయాయి.

అప్పుడు మైక్రోసాఫ్ట్ సీఈఓ ఎవరో తెలుసుగా, మన సత్య నాదెళ్ల గారు. 2014 ఫిబ్రవరిలో ఆయన కుర్చీలో కూర్చున్నారు, ఏప్రిల్ 8తో విండోస్ ఎక్స్‌పీకి ఉచిత అప్‌డేట్లు ఆగిపోయాయి. వనక్రై దెబ్బకి, మూడేళ్ళ కింద ఆపేసిన ఎక్స్‌పీకి కూడా మే 13న ప్యాచ్ ఇవ్వాల్సొచ్చింది. తమాషా ఏంటంటే, నష్టపోయినవాటిలో ఎక్కువ ఎక్స్‌పీలు కావు, విండోస్ 7లు. అంటే ప్యాచ్ అందుబాటులో ఉండి కూడా వేసుకోనివే.

ఇక్కడ పోలీసుల్ని తిట్టడం ఈజీ. నేను తిట్టను. అప్పుడు నేను బీటెక్ చదువుతున్నా. మా కాలేజీ ల్యాబ్‌లో ఎగ్జామ్ మధ్యలో కంప్యూటర్లు రీస్టార్ట్ అవుతున్నాయని అన్నిటిలో అప్‌డేట్లు ఆపేశారు. ఆపింది ఎవరో కాదు, మేమే, పెన్ డ్రైవ్‌లో ఒక స్క్రిప్ట్ పట్టుకుని. గొప్ప పని చేశామనుకున్నాం కూడా. తర్వాత ఉద్యోగంలో సర్వర్లకి ప్యాచ్‌లు వేసే టీమ్‌లో పడ్డాను. కెర్నల్ ప్యాచ్ అంటే మామూలుగా రీస్టార్ట్ చేయాలి. రీస్టార్ట్ అంటే బిల్లింగ్ ఆగుతుంది. "నెలాఖరు అయ్యాక చూద్దాం" అనేవాళ్ళు. నెలాఖరు ప్రతి నెలా వస్తుంది. ఒకసారి నేనే అలా ఐదు వారాలు ఆపాను. ఏమీ కాలేదు. అదృష్టం, అంతకు మించి ఏమీ లేదు.

"అన్నా, మేం విండోస్ వాడం, ఫోనే వాడతాం" అంటారా? ఆండ్రాయిడ్ కింద ఉన్నది లైనక్స్ కెర్నల్. 2016 అక్టోబరులో అందులో డర్టీ కౌ అనే లోపం బయటపడింది. చదవడానికి మాత్రమే ఇచ్చిన ఫైల్ మీద, రెండు పనుల మధ్య రెప్పపాటు సందులో దూరి, రాసేయొచ్చు. దాంతో మామూలు యాప్ కూడా ఫోన్‌కి యజమాని అయిపోతుంది. లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ దీన్ని 2005లోనే దిద్దబోయారు. ఆ దిద్దుబాటు వేరే రకం మెషీన్లలో తేడా చేయడంతో వెనక్కి తీసేశారు. నేను సరిగా దిద్దలేదని పదకొండేళ్ళ తర్వాత ఆయనే ప్యాచ్‌లో రాసుకున్నారు. దాన్ని పట్టుకున్న ఫిల్ ఓస్టర్ కోడ్ చదివి పట్టుకోలేదు. అప్పటికే ఎవరో దాన్ని వాడుతూ దాడి చేస్తుంటే, సర్వర్‌కి వచ్చిపోయే ట్రాఫిక్ రికార్డుల్లో దొరికింది. 2017 నవంబరులో ఇంకో విషయం తేలింది. 2016లో వేసిన ప్యాచ్‌లో కూడా ఒక మూల మిగిలిపోయింది. మళ్ళీ దిద్దారు.

గూగుల్ 2016 డిసెంబరు ప్యాచ్‌లో డర్టీ కౌ దిద్దుబాటు ఇచ్చింది. 2017 సెప్టెంబరులో, అంటే తొమ్మిది నెలల తర్వాత, జెడ్‌ఎన్‌ఐయూ అనే మాల్‌వేర్ అదే డర్టీ కౌ వాడుతోందని ట్రెండ్ మైక్రో బయటపెట్టింది. 1,200కి పైగా దొంగ యాప్‌లు, 40కి పైగా దేశాలు. బాధితుల్లో ఎక్కువమంది ఏ దేశాలవాళ్ళో తెలుసా? చైనా, ఇండియా.

ఎందుకంటే మన ఫోన్‌కి ప్యాచ్ రావడం అంటే చింతపల్లి నుంచి కబురు నడిచి రావడం లాంటిది. కెర్నల్ వాళ్ళు దిద్దాలి, గూగుల్ తీసుకోవాలి, చిప్ కంపెనీ తన కోడ్‌తో కలపాలి, ఫోన్ కంపెనీ ఒక్కో మోడల్‌కి టెస్ట్ చేయాలి. అన్నీ అయ్యాక మనం "తర్వాత" అని నొక్కుతాం. ఎనిమిది వేల ఫోన్ అయితే మధ్యలోనే ఎక్కడో ఆగిపోతుంది, మన దాకా రానే రాదు.

మొన్న పండక్కి ఊరెళ్ళినప్పుడు మా చిన్నాన్న ఫోన్ తీసుకున్నా. జీడిపిక్కల లెక్కలు, పేమెంట్లు అన్నీ అందులోనే. అప్‌డేట్ చేద్దాం చిన్నాన్నా అంటే, "ఏట్రా, అప్‌డేట్ సేస్తే ఫోన్ స్లో అయిపోద్ది కదా" అన్నాడు. బతిమాలి సెట్టింగ్స్‌లోకి వెళ్ళాను. అబౌట్ ఫోన్, ఆండ్రాయిడ్ వెర్షన్, అక్కడ సెక్యూరిటీ ప్యాచ్ తేదీ ఉంటుంది. మీరూ ఈ వీడియో ఆపి ఒకసారి చూడండి. చిన్నాన్న ఫోన్‌లో 2021 ఉంది. కొత్తది వెతకమని నొక్కాను. చక్రం తిరిగింది, తిరిగింది. "మీ ఫోన్ అప్-టు-డేట్‌గా ఉంది" అని పచ్చ టిక్ వచ్చింది.

"సూసేవా, నేను సెప్పలేదేటి" అని ఫోన్ లాక్కుని జేబులో పెట్టుకున్నాడు.

మీ ఫోన్‌లో ఏ తేదీ ఉందో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.