బందెల దొడ్డిలో లేని కుక్క

ఎవరి చేలోనో పడి మేసిన ఎద్దును పట్టుకొచ్చి బందెల దొడ్డిలో పెట్టడం కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో పెద్దవాళ్లకు ఇంకా గుర్తే. ఎద్దుగలాయన జుర్మానా కడితేనే విడుపు. బ్రిటిష్ ఇండియాలోనైతే దీనికి 1871లోనే చట్టం వచ్చింది. వదిలేసిన పశువుకు బాధ్యుడెవరంటే, యజమానే.

మరి కుక్క? దానికి దొడ్డి లేదు. గొల్లకురుమల మందకాడి కుక్క సంగతి వేరు. వాడకుక్క మాత్రం నాలుగిళ్ల బువ్వ తిని, నాలుగిళ్లకూ కాపలా కాసేది. అందరిదీ కాబట్టి ఏ ఒక్కరిదీ కాదు. కరిచిందా, బొడ్డు చుట్టూ 14 సూదులు! గొర్రె మెదడు నుంచి తీసే ఆ టీకా తయారీ మన దేశంలో 2004 చివరికి గానీ ఆగలేదు.

ఇప్పుడు వాడ కాలనీ అయింది. బువ్వ పెట్టే చేతులు తగ్గాయి, చెత్తకుప్పలు పెరిగాయి. ముద్దుగా పెంచుకున్న కుక్క కూడా ముసలిదైతే రోడ్డు మీదికే. సరైన కారణం లేకుండా జంతువును అలా దిక్కులేకుండా వదిలేయడం 1960 జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. మొదటిసారి జరిమానా ఎంతో తెలుసా? 10 నుంచి 50 రూపాయలు! పెంపుడు కుక్కకు టీకా, ఆపరేషన్ యజమాని బాధ్యతేనని 2023 నిబంధనలు చెబుతున్నాయి. వీధికుక్కల బాధ్యత మున్సిపాలిటీలది, పంచాయతీలది.

అదే ఏడాది ఫిబ్రవరిలో హైదరాబాద్ అంబర్‌పేటలో వీధికుక్కల దాడికి నాలుగేళ్ల పిల్లవాడు బలయ్యాడు. కుక్కల మీద కోపం రావడం సహజమే. కానీ వీధిలో కనిపించే కొన్ని కుక్కల వెనకాలైనా ఒక గేటు ఉంటుంది, దాన్ని మూసేసుకున్న చెయ్యి ఉంటుంది. బందెల దొడ్డి మొదట అడిగే మాటే మనం అడగడం మానేశాం: ఇది ఎవరిది?